ఐదున్నర తర్వాత

మార్చి 4, సోమవారం

ఈ డైరీ మా ఆయన వెండెల్‌ది. టైర్ల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చారు. ఫిబ్రవరి తొమ్మిది దాకా కారు ఎన్ని మైళ్ళు తిరిగిందో రాసుకున్నాడు. తర్వాత అన్నీ ఖాళీ పేజీలే. ఇంత మంచి కాగితం పారేయడం దేనికని నేను మొదలుపెట్టాను. కూర్చుని ఏడవడానికి కాదు. ఏడుపు నా ఒంటికి పడదు.

మూడు వారాల తర్వాత ఇవాళ పనిలోకి వెళ్ళాను. పెలికన్ పేకాట క్లబ్బులో ఏమీ మారలేదు. అదే సిగరెట్ పొగ, ఉల్లిపాయలతో వేపిన అదే లివర్ వాసన. ఫ్లోర్ మేనేజర్ డెల్మర్ ఎదురొచ్చి, ఎంత నొచ్చుకుంటున్నాడో నాకు కనబడాలని తల ఒక పక్కకి వంచి, "ఆర్డిత్ గారూ, ఇంకో వారం సెలవు తీసుకోండి పోనీ" అన్నాడు.

"తీసుకుని ఏం చేసుకోను? ఏ టేబులో చెప్పు."

ఆరో టేబుల్లో ఐదుగురే ఉన్నారు. ఆట చప్పబడి ఉంది. వెళ్ళి కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఇదే. మనుషులు తగ్గిన టేబుల్లో కూర్చోవాలి, నిండగానే లేచి ఇంకో టేబుల్‌కి పోవాలి. అందుకు క్లబ్బు రోజుకి ఇరవై ఎనిమిది డాలర్లు ఇస్తుంది. ఆడే డబ్బు మాత్రం నాది. గెలిస్తే నాది, పోతే నా ఖర్మ. ఒక్క 1961 తప్ప ఏ ఏడూ పోలేదు. ఆ ఏడు తుంటి విరిగింది.

తొమ్మిదిన్నర నుంచి ఐదున్నర. పద్దెనిమిది డాలర్లు మిగిలాయి. చెయ్యి తప్పలేదు.

బయటికి వస్తే వెండెల్ కారు ఆపే చోట ఎవడిదో పచ్చ కారు ఉంది. బస్సెక్కి వచ్చాను.

మార్చి 7, గురువారం

మధ్యాహ్నం బ్యూలా నా ఎదురుగా ట్రే పెట్టుకుని కూర్చుంది. డెబ్బై ఒక్కేళ్ళు. ఓక్లహోమా నుంచి వచ్చి ముప్పై ఏళ్ళు స్కూల్లో పిల్లలకి వండింది. నేనూ తనూ ఒకే ఏడాది ఈ క్లబ్బులో అడుగుపెట్టాం. ఆవిడ పోగొట్టుకోని వారం నాకు గుర్తు లేదు.

"ఏమే, నిజం చెప్పు. ఇన్నేళ్ళుగా చూస్తున్నా. నాకూ అవే ఐదు ముక్కలు, నీకూ అవే ఐదు ముక్కలు. నువ్వేమో ఇల్లు కొనుక్కున్నావ్. నేనేమో ఈ క్లబ్బు వాళ్ళకి తివాచీ కొనిపెట్టా. ఏవుందే నీలో?"

"బుర్ర."

"బుర్ర నాకూ ఉంది. ఆరొందల మందికి వండేదాన్ని, ఒక్కరోజు ఉప్పెక్కువైందని అనిపించుకోలా."

"అయితే పొద్దున మొదటి కుర్చీలో కూర్చుని జాకీల జతతో ఓపెన్ చేసి మొదటి పందెం కాసింది ఎవరు?"

"జాకీలుంటే ఓపెన్ చెయ్యొచ్చని గోడ మీద రాసుందిగా!"

"చెయ్యొచ్చని రాసుంది. చెయ్యమని రాయలేదు. నీ తర్వాత ఆడాల్సిన ఏడుగురు ఇంకా నోరు విప్పలేదు. ఆ ఏడుగురిలో రాణులో రాజులో ఎవరి దగ్గరా ఉండవా? మొదటి కుర్చీలో ఆసుల జత లేకపోతే డ్రాప్ కొట్టు. నోరు మూసుకుని కాఫీ తాగు."

"పొద్దున్నుంచీ డ్రాప్ కొడుతూ కూర్చుంటే మరి ఆడేదెప్పుడే?"

అదీ తేడా. వీళ్ళు ఆడడానికి వస్తారు. ముక్క చేతిలోకి రాగానే ఏదో ఒకటి చేయకపోతే తోచదు. నేను ఎనిమిది గంటల్లో ఏడు గంటలు ఏమీ చేయను. ఏమీ చేయకుండా కూర్చోవడం అందరికీ వచ్చే విద్య కాదు.

పాఠానికి ఫీజుగా తన సగ్గుబియ్యం పుడ్డింగ్ నా వైపు తోసింది. తిన్నాను.

మార్చి 13, బుధవారం

రాతి పని చేసే అజెవెడో ఫోన్ చేశాడు. వెండెల్ సమాధి రాయి మీద ఏం చెక్కాలో అడిగాడు. ఆలోచించి చెప్తానన్నాను. రాయికి మూడు వందల అరవై. ఆ డబ్బు కవర్లో వేరుగా ఉంది, దుప్పట్ల సొరుగులో. దాన్ని ఆట డబ్బుతో కలపను.

మార్చి 15, శుక్రవారం

ఐదున్నర బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఏడింటి బస్సు ఖాళీగా వస్తుందని టికెట్లు ఇచ్చే అమ్మాయి చెప్పింది. షిఫ్టు అయ్యాక మామూలు మనిషిలా ఒక టేబుల్లో కూర్చున్నాను. అరగంటకోసారి కుర్చీ అద్దె వసూలు చేసే అమ్మాయి వచ్చి, నన్ను చూసి, "మీకు కూడానా?" అంది. షిఫ్టులో ఉన్నప్పుడు నాకు అద్దె ఉండదు కదా.

"నాకు కూడానే. నేనేమన్నా చుట్టాన్నా?"

ముప్పై ఒకటి పోయాయి. ముక్కలు పడలేదు.

మార్చి 18

మళ్ళీ ఉండిపోయాను. బస్సు గురించే.

మార్చి 22, శుక్రవారం

ముక్కలు పడడం లేదు. ఇలాంటి రోజులు వస్తాయి. 1966 వేసవిలో ఆరు వారాలు ఇలాగే నడిచింది. తెలివైనవాళ్ళు ఇలాంటప్పుడు కంగారుపడరు. నేను కంగారుపడడం లేదు.

ఇంట్లో ఫ్రిజ్ ఇంత గట్టిగా మోగుతుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. మెకానిక్‌ని పిలిచి చూపించాలి. పక్కింటావిడ ట్యూనా చేప వండి తెచ్చిపెట్టింది. దాన్ని ఎవరు తింటారు, అంత.

ఏప్రిల్ 3, బుధవారం

మూడో తారీకు. పెన్షన్ చెక్కులు వచ్చే రోజు. పదింటికల్లా ఊళ్ళో ముసలమ్మలందరూ లిప్‌స్టిక్ వేసుకుని వచ్చేశారు. ఇరవై టేబుళ్ళూ నిండాయి. షిఫ్టులో నలభై ఆరు మిగిలాయి.

బ్యూలాకి రెండో పాఠం చెప్పాను. గెలిస్తే పొంగిపోకు, పోతే కుంగిపోకు అన్నాను. పక్కవాడు ఐదు ముక్కల్లో నాలుగు మార్చుకుని గుడ్డి అదృష్టంతో నిన్ను కొట్టినా "బాగా ఆడావు బాబూ" అనాలి. వాడు రేపు కూడా రావాలి మరి.

"మనసులో తిట్టుకోవచ్చా?"

"తిట్టుకో. మొహంలో పడనివ్వకు."

సాయంత్రం ఒకడు నిజంగానే నాలుగు ముక్కలు మార్చుకున్నాడు. నా రాజుల జతనీ ఆసుల జతనీ కొట్టే మూడు ఆరులు తెచ్చుకున్నాడు. "నీకు పేకాట ఎవడు నేర్పాడు, పశువుల డాక్టరా?" అన్నాను. టేబుల్ మొత్తం నా వైపు చూసింది. పంతొమ్మిదేళ్ళలో నేను ఒకరిని అలా అనడం అదే మొదటిసారి. వాడు పందెం బిళ్ళలు ఏరుకుని వెళ్ళిపోయాడు. నా డబ్బు కూడా వాడితోనే వెళ్ళింది.

తొమ్మిదింటి బస్సులో వచ్చాను. అది కూడా ఖాళీగానే ఉంటుంది.

ఏప్రిల్ 12, శుక్రవారం

కవర్లోంచి వంద తీశాను. షిఫ్టులో కూర్చోవాలంటే ఎదురుగా కాసిని బిళ్ళలు ఉండాలి. లేకపోతే డెల్మర్ ముందు పరువు పోతుంది. వారంలో తిరిగి పెట్టేస్తాను. వెండెల్ ఉంటే వాడే తీసి ఇచ్చేవాడు.

ఏప్రిల్ 17, బుధవారం

అజెవెడో మళ్ళీ ఫోన్. అక్షరాలు ఇంకా తేల్చుకోలేదని చెప్పాను. వెండెల్ సోర్లీ అంటే చాలా, మధ్యలో పేరు కూడా ఉండాలా అని. ఇలాంటివి తొందరపడి తేల్చేవి కావు. చెక్కాక చెరపలేం.

ఏప్రిల్ 25, గురువారం

ఏడు గంటలకి మొదటి కుర్చీలో ఉన్నాను. జాకీల జత వచ్చింది. ఓపెన్ చేశాను.

చేశాక చూసుకున్నాను, ఏం చేశానో. నా తర్వాత నాలుగో కుర్చీలో బ్యూలా ఉంది.  తన ముక్కలు ఒకసారి చూసుకుని, నా మొహం ఒకసారి చూసి, డ్రాప్ కొట్టింది. ఆ తర్వాతవాడు పందెం పెంచాడు. వాడి దగ్గర రాణులున్నాయి.

అలసట. ఎనిమిది గంటలు కూర్చున్నాక ఎవరికైనా అలసట ఉంటుంది.

మే 1, బుధవారం

మూడో పాఠం. నిజానికి ఇదొక్కటే పాఠం, మిగతావి దీని కిందే వస్తాయి. లేవడం. ఓడేవాళ్ళకి తెలివి తక్కువేమీ కాదు. ఈ క్లబ్బులో నా కంటే బాగా లెక్క వేసేవాళ్ళు పది మంది ఉన్నారు. రిటైరైన ఇంజనీరు ఉన్నాడు, ఒక జడ్జి ఉన్నాడు. మొదటి మూడు గంటలు నాకంటే అందంగా ఆడతారు. నాలుగో గంటలో ఒక మంచి చెయ్యి పోతుంది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఇంకో ఐదు గంటలు ఉంటారు. గెలిచేవాడు టైము కాగానే లేస్తాడు. పైనున్నా లేస్తాడు, కిందున్నా లేస్తాడు. ఆట ఎక్కడికీ పోదు, రేపు పొద్దున్న మళ్ళీ అక్కడే ఉంటుంది.

బ్యూలాకి ఇదే చెప్పాను. "నీకో టైము పెట్టుకో. ఒంటి గంట అనుకో. రాజే వచ్చినా రాణే వచ్చినా ఒంటిగంటకి లే."

"నాలుగు ఆసులొస్తే?"

"ఆ చెయ్యి అయ్యాక లే."

"నువ్వలాగే లేచేదానివా?"

"పంతొమ్మిదేళ్ళు."

ఆ మాట నిజమే కదా. ఇప్పటి సంగతి వేరు, బస్సు ఇబ్బంది ఉంది.

మే 10, శుక్రవారం

ఇవాళ కవరు చూడలేదు.

మే 11

కవర్లో చూడడానికి ఏముంది.

మే 16, గురువారం

డెల్మర్ ఆఫీసులోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు, కాఫీ పోశాడు. కాఫీ పోశాడంటే మాట బాగోదని అర్థం.

"ఆర్డిత్ గారూ, మీరు నా కంటే ముందు నుంచి ఉన్నారిక్కడ. నేను చెప్పేదాన్ని తప్పుగా తీసుకోకండి. షిఫ్టులో మీ ఆట అద్దంలా ఉంది. అయిపోయాక మీరు ఎవరో నాకు తెలీడం లేదు."

"షిఫ్టు అయ్యాక నా టైము నాది."

"నాది అనడం లేదు నేను. మీకు డబ్బు అయిపోతే పొద్దున కూర్చోలేరు. కూర్చోలేని మనిషికి జీతం ఇవ్వనివ్వరు పైవాళ్ళు. అంతే నేను చెప్పేది."

"అయిపోలేదు."

"సరే."

కాఫీ చల్లారిపోయింది. తాగకుండా లేచాను.

మే 20, సోమవారం

బ్యూలాతో మాట్లాడడం మానేశాను. కారణం ఇది.

మధ్యాహ్నం ట్రే పట్టుకుని వచ్చి కూర్చుంది. మొహం వెలిగిపోతోంది. "ఈ నెల పదకొండు డాలర్లు మిగిలాయే నాకు! పోలేదు, మిగిలాయి! మా అక్క కూతురికి ఫోన్ చేసి చెబితే, 'పిన్నీ, తాగావా?' అంది."

"సంతోషం."

"కానీ ఒక్కటి నువ్వు చెప్పలేదే. లేవడం ఎంత కష్టమో. ఒంటిగంట అవుతుంది, కాళ్ళు రావు. ఇంట్లో ఏవుంది, పిల్లి కూడా లేదు. అందుకని ఏం చేశానో తెలుసా? ఆస్పత్రిలో ముసలాళ్ళకి పుస్తకాలు చదివి వినిపించడానికి పేరిచ్చా. ఒకటిన్నరకి. వెళ్ళకపోతే అక్కడ నర్సు ఒకత్తె ఉంది, రాక్షసి, చంపేస్తుంది. దాని భయానికి లేస్తున్నా. నువ్వెలా లేచేదానివి?"

"టైము చూసుకుని."

చెంచా కింద పెట్టింది. "టైము చూసుకునేదానివి కాదే ఆర్డిత్. ఎప్పుడూ కిటికీ వైపు కుర్చీ అడిగేదానివి. ఆయన కారు వచ్చి ఆగేది. హారన్ కూడా కొట్టేవాడు కాదు పాపం, ఇంజన్ ఆపకుండా అలా కూర్చునేవాడు. పెట్రోలు బంకుల దగ్గర మైలు పొడుగు క్యూలున్నప్పుడు కూడా ఆపలేదు. నువ్వు చేతిలో ఏవుందో కూడా చూసేదానివి కాదు, ముక్కలు పడేసి పోయేదానివి. మేవందరం నవ్వుకునేవాళ్ళం, మొగుడంటే ఎంత భయవో దీనికి అని."

"నాకు ఎవరన్నా భయం లేదు."

"భయం కాదులే. అది మేవు సరిగా అనుకోలేదు. నీ ఆటలో సగం ఆయన ఆడాడే. కార్లో కూర్చుని."

"నీకు పదకొండు డాలర్లు మిగిలేసరికి కళ్ళు నెత్తికెక్కాయి" అన్నాను. ఇంకా చాలా అన్నాను. స్కూల్లో వండినదానికి పేకాట గురించి నాకు చెప్పే అర్హత లేదన్నాను. ఆ ట్రే అక్కడే వదిలేసి ఆవిడ లేచిపోయింది. ఒంటి గంట అయింది మరి.

నాకు బుర్ర ఉంది. పంతొమ్మిదేళ్ళు బుర్రతో గెలిచాను. ఒక కారు ఆగితే ఆట రాదు. వెండెల్‌కి ఫ్లష్‌కీ స్ట్రెయిట్‌కీ తేడా తెలియదు.

మే 22, బుధవారం

ఆట పుస్తకం తీశాను. రోజూ ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఎన్నింటికి లేచాను అని రాసుకునేది. పాత ఏళ్ళవి తిరగేశాను. లేచిన టైము దగ్గర 5.30, 5.30, 5.30. ఒక్కోచోట 5.25. ఆ రోజు వెండెల్ తొందరగా వచ్చి ఉంటాడు. మార్చి పద్నాలుగు తర్వాత ఆ గడి ఖాళీ. నేనే రాయడం మానేశాను. ఎప్పుడు మానేశానో గుర్తు లేదు.

బస్సుల టైములు గుర్తు చేసుకుని నింపాను. షిఫ్టులో ఇప్పటికీ నేను గెలుస్తూనే ఉన్నాను. ఐదున్నర తర్వాత గెలిచిన రోజు ఒక్కటే ఒక్కటి ఉంది. మనిషి అదే, ముక్కలు అవే.

పంతొమ్మిదేళ్ళు మా క్లబ్బులో ఓడేవాళ్ళని చూసి వీళ్ళకి నిగ్రహం లేదు అనుకున్నాను. పైకి అనలేదు కానీ రోజూ అనుకున్నాను. బ్యూలాని చూసి కూడా అనుకున్నాను. ఆవిడకి ఇంట్లో పిల్లి లేదు. నాకు కార్లో మనిషి ఉన్నాడు. తేడా అదే. దాన్ని నేను బుర్ర అని పిలుచుకున్నాను.

వాడు కావాలి నాకు. ఇంకేమీ రాయాలని లేదు.

మే 24, శుక్రవారం

అజెవెడో షాపుకి నేనే వెళ్ళాను. ముసలాయన, చేత్తోనే చెక్కుతాడు. చెవుల మీద, కనుబొమల మీద తెల్ల పొడి. "అక్షరాలు తేలాయా అమ్మా?" అన్నాడు.

"తేలాయి. డబ్బు లేదు. పెలికన్ క్లబ్బులో పోయింది."

ఆశ్చర్యపోతాడనుకున్నాను. సుత్తి పక్కన పెట్టి స్టూలు తుడిచి నా వైపు జరిపాడు.

"అక్షరాలు తేలలేదని ఈ ఊళ్ళో నాకు ఎంతమంది చెప్తారో తెలుసా? పక్క ఊళ్ళో రెండు రోజుల్లో తేలిపోతాయి. ఆరు పేకాట క్లబ్బులున్న ఊళ్ళో మాత్రం ఏడాది పడుతుంది. నేనేమీ అడగను. ఫోన్ చేస్తానంతే."

"వాయిదాల్లో ఇస్తాను."

"ఎంత?"

"వారానికి ముప్పై."

"జీతంలోంచా, ఆటలోంచా?"

స్టూలు మీంచి లేచాను. ఆయన ఒక కాగితం మీద రాసుకున్నాడు. "సరే. ఒక షరతు. ముప్పై ఇచ్చినప్పుడల్లా రెండు మూడు అక్షరాలు చెక్కుతా. మీరు ఆపేస్తే నేనూ అక్కడే ఆపేస్తా. సగం పేరున్న రాళ్ళు వెనకాల రెండున్నాయి, కావాలంటే చూసి వెళ్ళండి."

చూశాను. ఒకదాని మీద మూడక్షరాలే ఉన్నాయి. ఎవరో ఆడమనిషి పేరు అయ్యుంటుంది.

మే 31, శుక్రవారం

జీతం చెక్కు వచ్చింది. క్లబ్బు కౌంటర్లోనే మార్చుకుని ముప్పై వేరుగా తీసి చేతి తొడుగులో పెట్టుకున్నాను. అజెవెడో ఆరున్నర దాకా ఉంటాడు. అరగంట కూర్చుని వెళ్దామనుకున్నాను. అరగంటకి కుర్చీ అద్దె వసూలు చేసే అమ్మాయి వచ్చింది. మళ్ళీ అరగంటకి వచ్చింది.

తొడుగు కూడా పోయింది. ఎక్కడ పడేశానో తెలియదు. ఎడమ చేతిది.

జూన్ 1, శనివారం

డెల్మర్ దగ్గరికి వెళ్ళి పసుపు కార్డు అడిగాను. భార్యలు వచ్చి మొగుళ్ళ మీద, కొడుకులు వచ్చి తల్లుల మీద రాసిచ్చే కార్డు అది. ఇంట్లో మనిషి సంతకం పెట్టి ఇస్తే ఆ ఆటగాడికి క్లబ్బులో ఎవరూ కుర్చీ ఇవ్వరు. మా క్లబ్బులో అలాంటి కార్డులు డెబ్బై దాకా ఉంటాయి. అవి రాసిచ్చేవాళ్ళని చూస్తే నాకు ఎప్పుడూ చిన్నచూపే.

"ఎవరి మీద?" అన్నాడు డెల్మర్.

"నా మీద. షిఫ్టులో నా పని నేను చేస్తాను. ఐదున్నర తర్వాత నాకు కుర్చీ ఇవ్వకూడదు."

"ఇంట్లో మనిషి పెట్టాలండీ సంతకం."

"ఇంట్లో ఉన్నది నేనే. ఇంకెవరిని తెమ్మంటావు?"

కార్డు ఇచ్చాడు. ఆటగాడి పేరు దగ్గర ఆర్డిత్ సోర్లీ అని రాశాను. కోరుతున్నవారి పేరు దగ్గర ఆర్డిత్ సోర్లీ అని రాశాను. ఆటగాడితో సంబంధం అన్న గీత దగ్గర కలం ఆగింది.

"అది ఖాళీగా వదలకూడదు. ఆఫీసులో తీసుకోరు" అన్నాడు.

ఇంట్లో మనిషి అని రాశాను. ఆ ఆఫీసులో పొగ ఎక్కువ. కళ్ళు మండాయి.

దోవలో బ్యూలా కనిపించింది. నిలబడింది. నేనూ నిలబడ్డాను. "మొన్న చాలా చెత్త వాగాను" అన్నాను. "వాగావు" అంది. ఆస్పత్రికి వెళ్ళే బస్సు దాకా కలిసి నడిచాం.

జూన్ 3, సోమవారం

మళ్ళీ మూడో తారీకు, పెన్షన్ రోజు. షిఫ్టులో ముప్పై నాలుగు మిగిలాయి. ఐదున్నరకి లేచి, కోటు వేసుకుని, పర్సులో ముప్పై వేరుగా పెట్టుకుని తలుపు దాకా వచ్చాను.

మూడో టేబుల్లో ఒక కుర్చీ ఖాళీ. ఫ్రెస్నో నుంచి వచ్చిన వాడెవడో, నీటి పైపులు అమ్ముతాడట, ఏ ముక్కలు వచ్చినా ఆడుతున్నాడు. నాలుగేసి మార్చుకుంటున్నాడు. వాడి ముందు బిళ్ళలు గుట్టగా ఉన్నాయి. ఆ టేబుల్లో మిగతావాళ్ళెవరికీ కూడా పేకాట సరిగా రాదు. పంతొమ్మిదేళ్ళలో ఇంత మంచి టేబుల్ నేను చూసినవి నాలుగో ఐదో ఉంటాయి. గంట కూర్చుంటే రాయి మొత్తం వచ్చేస్తుంది. పేరూ, మధ్య పేరూ, రెండు తారీకులూ. ఇది నేను అలసటలో అనుకున్నది కాదు. పనితనం తెలిసిన వాళ్ళెవరైనా అదే అంటారు.

డెల్మర్ దగ్గరికి వెళ్ళాను. "మూడో టేబుల్లో నా పేరు రాయి."

"కుదరదండీ."

"ఆ పైపులవాడిని చూశావా? చూసి చెప్పు. అక్కడ కూర్చోకపోవడం తప్పు. నేను ఊరికే అడగడం లేదు, ఇది నా వృత్తి."

"చూశానండీ. మంచి టేబులే. కార్డుంది."

"ఆ కార్డు తీసేయ్."

"పెట్టినావిడ వచ్చి తీసేయమంటే తీసేస్తా."

"ఆవిడ నేనేనయ్యా!" కాస్త గట్టిగానే అన్నాను. అద్దె వసూలు చేసే అమ్మాయి ఆగి చూసింది. "నేనే రాశాను, నేనే వచ్చాను, తీసేయమంటున్నాను. నీ ఎదురుగానే ఉన్నాను కదా!"

డెల్మర్ నా వైపు చూశాడు. వాడికి నా మీద కోపం లేదు. ఎగతాళి కూడా లేదు.

"మొన్న ఆవిడ నా ఆఫీసులో కూర్చుని ఏడుస్తూ సంతకం పెట్టిందండీ. నేను కళ్ళారా చూశా. మీరు ఆవిడలా లేరు. ఆవిడ వస్తే చెప్తా, మీరు అడిగారని."

 నోటికొచ్చిన తిట్టు ఒకటి తిట్టాను, నార్వే భాషలో, మా అమ్మ తిట్టేది. తలుపు తోసుకుని బయటికి వచ్చాను. ఎండ ఇంకా ఉంది. అజెవెడో షాపు దాకా నడవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దారి పొడుగునా డెల్మర్‌ని తిడుతూనే నడిచాను. ఆయన ఇవాళ కాస్త ముందే షాపు మూసేయబోతున్నాడు. ముప్పై డాలర్లు బల్ల మీద పెట్టాను. లెక్కపెట్టకుండా సొరుగులో వేసుకుని, దీపం మళ్ళీ వెలిగించి, సుద్ద తీసుకుని రాయి మీద వెండెల్ పేరులో మొదటి అక్షరం, డబ్ల్యూ, గీశాడు.

"కొంచెం పెద్దది చెయ్యండి" అన్నాను. చెరిపి, పెద్దగా గీశాడు.